అక్షరం జారిపోయిన చోటు: ఇంగ్లిష్ అపాస్ట్రఫీ ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు

“శివోఽహం” అని రాసినప్పుడు మధ్యలో వంకర గీతలా కనిపించే గుర్తును ఎవరూ పలకరు. దాని పేరు అవగ్రహం. శివః, అహం అనే రెండు మాటలు కలిసినప్పుడు రెండో మాట మొదట్లోని అకారం లోపించింది. లోపించిన చోట ఆ గుర్తు నిలబడింది. ఇక్కడ ఒక అక్షరం ఉండేదని, మాటను విడదీస్తే అది మళ్ళీ కనిపిస్తుందని చదివేవారికి చెప్పడమే దాని పని. ఇంగ్లిష్‌లో అపాస్ట్రఫీ చేసే పని కూడా ముఖ్యంగా ఇదే. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ఆ గుర్తు చుట్టూ ఉన్న నియమాల్లో ఎక్కువ భాగం విడిగా బట్టీ పట్టక్కర్లేదు.

తెలుగు సంధి దారి వేరు. వాడు, ఎవడు కలిస్తే వాడెవడు అవుతుంది. ఉకారం పోయింది, కానీ పోయినట్టు గుర్తేమీ మిగలదు. గుణింతమే మారిపోతుంది. కాబట్టి తెలుగులో చదువుకున్నవారి చేతికి అక్షరం పోయినచోట గుర్తు పెట్టే అలవాటు ఉండదు. అపాస్ట్రఫీని అలంకారంగా భావించి, మాట చివర ఎస్ కనిపించిన ప్రతిసారీ దాని ముందు పెట్టేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళు కూడా ఇదే తప్పు చేస్తారు, కాబట్టి ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అపాస్ట్రఫీ అనే పేరు గ్రీకు నుంచి వచ్చింది. మూలార్థం ‘పక్కకు తిరిగినది’ అని. 1529లో ఫ్రెంచ్ ముద్రాపకుడు జ్యోఫ్రువా తోరీ తన భాషలో లోపించిన అచ్చుకు బదులుగా దీన్ని వాడాలని ప్రతిపాదించాడు. ఇంగ్లిష్ ముద్రణలోకి కూడా ఇది ఆ శతాబ్దంలోనే వచ్చింది. మొదట్లో దాని పని పోయిన అక్షరాన్ని సూచించడం ఒక్కటే. సొంతదారును చూపించే పని తర్వాత వచ్చి చేరింది.

అతుకు దగ్గర కాదు, ఖాళీ దగ్గర

కాంట్రాక్షన్ అంటే రెండు మాటల్ని కుదించి ఒకటి చేయడం. “డిడ్ నాట్” కుదిస్తే “డిడ్న్’ట్”. ఇక్కడ ఎక్కువమంది గుర్తును డి, ఎన్ అక్షరాల మధ్య పెడతారు. రెండు మాటలు అతుక్కున్నది అక్కడే కదా అనిపిస్తుంది. కానీ అపాస్ట్రఫీ అతుకును చూపదు, ఖాళీని చూపుతుంది. “నాట్” అనే మాటలో పోయింది మధ్యలోని ‘ఓ’ అనే అక్షరం. కాబట్టి గుర్తు ఎన్‌కూ టి‌కీ మధ్య వస్తుంది. “డోన్’ట్”, “కుడ్న్’ట్”, “హావెన్’ట్” అన్నిటికీ ఇదే లెక్క. అలాగే “దే ఆర్” కలిసి “దే’ర్” అయినప్పుడు పోయింది ‘ఎ’ అనే అక్షరం, “వీ విల్” కలిసి “వీ’ల్” అయినప్పుడు పోయినవి డబ్ల్యూ, ఐ అక్షరాలు. ఎన్ని అక్షరాలు పోయినా గుర్తు ఒక్కటే.

ఈ చివరి నియమాన్ని అందరూ ఒప్పుకోలేదు. “షల్ నాట్” కుదించి “షాన్’ట్” అన్నప్పుడు రెండు వేర్వేరు చోట్ల అక్షరాలు పోయాయి: మొదటి మాటలో రెండు ఎల్‌లు, రెండో మాటలో ఓ. ‘ఆలిస్’ కథల రచయిత లూయిస్ కారల్ అందుకే తన పుస్తకాల్లో ఆ మాటకు రెండు అపాస్ట్రఫీలు పెట్టేవాడు. “కాన్’ట్”, “వోన్’ట్” మాటలకూ అలాగే రెండేసి వాడాడు. 1893లో ఒక పుస్తకం ముందుమాటలో ఆ పద్ధతిని సమర్థించుకున్నాడు కూడా. తర్కం చూస్తే ఆయన చెప్పింది సబబే. వాడుక మాత్రం ఒక్క గుర్తుతో సరిపెట్టుకుంది.

“వోన్’ట్” ఎందుకలా ఉందన్నది నేర్చుకునేవారందరికీ వచ్చే సందేహం. “విల్ నాట్” కుదిస్తే “విల్న్’ట్” లాంటిదేదో రావాలి కదా? మధ్యయుగపు ఇంగ్లిష్‌లో “విల్”కు “వోల్” అనే మరో రూపం వాడుకలో ఉండేది. విడిగా ఆ రూపం కాలగర్భంలో కలిసిపోయింది, “నాట్”తో కలిసిన రూపం మాత్రం నిలిచిపోయింది. మాట పోయినా సంధి మిగిలిందన్నమాట.

ఇప్పుడు మామూలుగా కనిపించే ఈ రూపాలను ఒకప్పుడు పెద్దవాళ్ళు ఈసడించుకున్నారు. 1711లో ఆంగ్ల వ్యాసకర్త జోసెఫ్ అడిసన్ తన స్పెక్టేటర్ పత్రికలో “కాన్’ట్”, “షాన్’ట్”, “వోన్’ట్” వంటివి భాషలోని సంగీతాన్ని చెడగొడుతున్నాయని బాధపడ్డాడు. మూడు వందల ఏళ్ళు దాటినా అవి అలాగే ఉన్నాయి. వాటిని భాషా లోపంగా చూసే పంతుళ్ళ మాట అనుభవంలో నిలవలేదు.

ఒకే రూపం, రెండు మూడు అర్థాలు

కుదించిన రూపం చదవడం కొన్నిసార్లు రాయడం కన్నా కష్టం. “హీ’స్ ఈటింగ్” అంటే “హీ ఈజ్ ఈటింగ్”. “హీ’స్ ఈటెన్” అంటే “హీ హాజ్ ఈటెన్”. “లెట్’స్ గో”లో అదే ఎస్ “అస్” అనే మాటకు బదులుగా వచ్చింది. అందుకే “హీ లెట్స్ మీ గో” అనే వాక్యంలో గుర్తు ఉండకూడదు. అక్కడ “లెట్స్” మామూలు క్రియ, అందులో ఏ మాటా దాక్కుని లేదు.

డి అక్షరం సంగతీ అంతే. “ఐ’డ్ గో” అంటే “ఐ వుడ్ గో”, “ఐ’డ్ గాన్” అంటే “ఐ హాడ్ గాన్”. తేడా తెలిసేది వెనక వచ్చే క్రియను బట్టి. మూలరూపం వస్తే “వుడ్”, మూడో రూపం వస్తే “హాడ్”. “ఐ’డ్ బెటర్ గో” మాత్రం దీనికి లొంగదు. వెనక మూలరూపమే ఉన్నా అక్కడ దాక్కున్నది “హాడ్”.

ఇక్కడే పుట్టే ఇంకో పెద్ద తప్పు “కుడ్ ఆఫ్”. “కుడ్ హావ్” అనేదాన్ని కుదించి “కుడ్’వ్” అంటారు. చెవికి అది “కుడ్ ఆఫ్” లాగే వినిపిస్తుంది. చదవడం కన్నా ముందు వినడం ద్వారా భాష వచ్చినవాళ్ళు ఈ తప్పు ఎక్కువగా రాస్తారు. పుస్తకాల్లోంచి ఇంగ్లిష్ నేర్చుకున్నవారు దీనినుంచి సాధారణంగా తప్పించుకుంటారు.

“ఇట్స్” గొడవ

నూటికి తొంభై తప్పులు ఇక్కడే జరుగుతాయన్నట్టు అనిపిస్తుంది. “ఇట్’స్” అని గుర్తుతో రాస్తే “ఇట్ ఈజ్” లేదా “ఇట్ హాజ్”. గుర్తు లేకుండా రాస్తే ‘దాని’ అని అర్థం. కుక్క తన తోకను ఊపింది అనాలంటే గుర్తు లేని రూపమే రావాలి. ఎందుకంటే అక్కడ “ఈజ్” పెట్టి చదివితే వాక్యం విరిగిపోతుంది.

తప్పు జరగడానికి కారణం లేకపోలేదు. “ది డాగ్’స్ టెయిల్” అన్నప్పుడు సొంతదారు తర్వాత అపాస్ట్రఫీ, ఎస్ పెట్టమన్నారు కదా, “ఇట్” కూడా సొంతదారే కదా, దానికెందుకు పెట్టకూడదు? ఇది న్యాయమైన ప్రశ్న. జవాబు సర్వనామాల్లో ఉంది. తెలుగులో రాముడు నుంచి రాముడి అని వస్తుంది, కానీ నేను నుంచి ‘నా’, అది నుంచి ‘దాని’, వాళ్ళు నుంచి ‘వాళ్ళ’ వస్తాయి. సర్వనామాలకు వాటి సొంత రూపాలు తయారుగా ఉంటాయి. ఇంగ్లిష్‌లోనూ అంతే: “మై”, “యువర్”, “హిజ్”, “హర్”, “ఇట్స్”, “అవర్”, “దేర్”. “హిజ్” అనే మాటలో ఐ తర్వాత గుర్తు పెట్టాలని ఎవరికీ తోచదు. “ఇట్స్” కూడా ఆ కుటుంబంలోదే. “యువర్స్”, “అవర్స్”, “దేర్స్”, “హూజ్” కూడా అంతే. “హూ’స్” అని గుర్తుతో రాస్తే మళ్ళీ “హూ ఈజ్” లేదా “హూ హాజ్” అయిపోతుంది.

ఈ నియమం ఆకాశంనుంచి ఊడిపడినది కాదు. ‘దాని’ అనే అర్థంలో “ఇట్స్” పదహారో శతాబ్దం చివర్లో పుట్టింది. అంతకుముందు ఆ అర్థానికి కూడా “హిజ్” వాడేవారు. పుట్టిన కొత్తలో దాన్ని చాలామంది గుర్తుతోనే రాశారు, పద్ధెనిమిదో శతాబ్దం చివరి వరకూ ఆ రాత మామూలే. 1787నాటి అమెరికా రాజ్యాంగ ప్రతిలో మొదటి అధికరణం పదో సెక్షన్ చూస్తే, రాష్ట్రం తన తనిఖీ చట్టాలను అమలు చేసుకోవడం గురించి చెప్పేచోట ‘తన’ అనడానికి అపాస్ట్రఫీ ఉన్న రూపమే కనిపిస్తుంది. ఆనాటికి అది తప్పు కాదు. రెండు అర్థాలకు రెండు రూపాలు కేటాయించడం స్థిరపడింది ఆ తర్వాతే. నేటి పాఠకుడు మాత్రం దాన్ని తప్పుగానే చూస్తాడు కాబట్టి ఇప్పుడు రాసేవారికి ఆ పాత వాడుక రక్షణ ఇవ్వదు.

“యువర్”, “యు’ర్” మధ్య తేడాకూ, “దేర్” అనే శబ్దంతో వినిపించే మూడు మాటలకూ (‘వాళ్ళ’, ‘అక్కడ’, “దే ఆర్”) ఇదే పరీక్ష పనిచేస్తుంది. గుర్తున్న చోట “ఆర్” పెట్టి పైకి చదవాలి. వాక్యం నిలబడితే గుర్తు ఉండాలి, నిలబడకపోతే ఉండకూడదు.

సొంతదారు గుర్తులోనూ లోపించిన అక్షరమే

షష్ఠీ విభక్తిగా వాడే అపాస్ట్రఫీలో ఏ అక్షరం పోయిందని అడగవచ్చు. పాత ఇంగ్లిష్‌లో ‘రాజు యొక్క’ అనడానికి “కూనింగెస్” అనేవారు. చివరి ఎస్‌కు ముందు ఒక ఇ అచ్చు ఉండేది. తర్వాతి కాలంలో అది పలకడం మానేశారు, రాతలో దాని స్థానంలో అపాస్ట్రఫీ వచ్చింది. “కింగ్’స్” అన్నదాని వెనక చరిత్ర ఇది. మధ్యలో కొంతకాలం కొందరు “ది కింగ్ హిజ్ క్రౌన్” అని కూడా రాశారు, “హిజ్” కుదించుకుపోయి ఎస్ అయిందని నమ్మారు. అది పొరపాటు వ్యుత్పత్తి. ‘రాణి’ విషయంలో “హిజ్” ఎలా కుదురుతుందన్న ప్రశ్నకే అది నిలవదు.

ఏకవచనానికి ఎస్ ముందు, ఎస్‌తో ముగిసే బహువచనానికి ఎస్ తర్వాత. “బాయ్’స్” అంటే ఒక్క అబ్బాయిది, “బాయ్స్’” అంటే అబ్బాయిలందరిదీ. “చిల్డ్రన్”, “విమెన్” వంటివి ఎస్ లేకుండానే బహువచనాలు కాబట్టి “చిల్డ్రన్’స్”, “విమెన్’స్” అని ఎస్ ముందే వస్తుంది. ఇద్దరికీ కలిపి ఒక ఇల్లుంటే “జాన్ అండ్ మేరీ’స్ హౌస్”, ఎవరి ఇల్లు వారిదైతే ఇద్దరి పేర్లకూ గుర్తు.

ఇబ్బంది ఏమిటంటే “బాయ్స్”, “బాయ్’స్”, “బాయ్స్’” మూడూ చెవికి ఒకటే. అచ్చంగా కంటికోసం ఉన్న తేడా ఇది. కంటికే కదా అని కొట్టిపారేయడానికి లేదు. 2021లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ జిల్లా కోర్టు ముందుకు ఒక పరువునష్టం కేసు వచ్చింది. ఒక వ్యక్తి ఫేస్‌బుక్‌లో తన పాత యజమాని గురించి, ఉద్యోగికి కట్టాల్సిన రిటైర్మెంట్ నిధి కట్టలేదని రాశాడు. “ఎంప్లాయీస్” అన్న మాటలో అపాస్ట్రఫీ లేదు. తాను చెప్పింది తన ఒక్కడి సంగతేనని అతని వాదన. గుర్తు లేకపోవడంతో అది ఉద్యోగులందరి గురించి అన్నట్టు చదివే వీలుంది, అప్పుడు అది ఒకసారి జరిగిన పొరపాటులా కాక ఒక పద్ధతి ప్రకారం చేసిన మోసంలా కనిపిస్తుంది. కేసు చిన్న విషయమంటూ కొట్టేయడానికి న్యాయమూర్తి ఒప్పుకోలేదు. ఒక్క గీత ఉండి ఉంటే ఆ మాట ఎంతమంది గురించో వాదించాల్సిన అవసరమే వచ్చేది కాదు.

ఎస్‌తో ముగిసే పేర్ల దగ్గర మాత్రం పెద్దవాళ్ళే ఏకాభిప్రాయానికి రాలేదు. “చార్ల్స్’స్” అని మరో ఎస్ చేర్చాలా, “చార్ల్స్’” అని ఉత్త గుర్తు చాలా? పుస్తక ప్రచురణకర్తలు వాడే షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ మరో ఎస్ చేర్చమంటుంది, వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ శైలి గుర్తుతో ఆగమంటుంది. 2006లో అమెరికా సుప్రీంకోర్టు కాన్సాస్ రాష్ట్రం కేసులో తీర్పిచ్చినప్పుడు జస్టిస్ క్లారెన్స్ థామస్ ఆ రాష్ట్రం పేరు తర్వాత గుర్తుతో ఆగాడు, జస్టిస్ డేవిడ్ సూటర్ ఇంకో ఎస్ చేర్చాడు. ఒకే తీర్పులో రెండు పద్ధతులూ ఉన్నాయి. మరుసటి ఏడాది ఆర్కన్సా (రాతలో ఈ పేరు చివర పలకని ఎస్ ఉంటుంది) శాసనసభ తమ రాష్ట్రం పేరుకు గుర్తుతోపాటు మరో ఎస్ చేర్చి రాయడమే సరైనదని తీర్మానం చేసింది. లండన్‌లో మెట్రో స్టేషన్ పేరు “సెయింట్ జేమ్స్’స్ పార్క్”, న్యూకాసిల్ ఫుట్‌బాల్ మైదానం పేరు “సెయింట్ జేమ్స్’ పార్క్”. రెండింట్లో ఏదైనా పర్వాలేదు, కానీ ఒకే రచనలో రెండూ కలిపి వాడితే అజాగ్రత్తగా కనిపిస్తుంది. పలికేటప్పుడు రెండో ఎస్ వినిపిస్తే రాయడం మంచి పద్ధతి.

బహువచనానికి అపాస్ట్రఫీ అవసరం లేదు. “సీడీస్”, “1990స్” అన్నిట్లోనూ ఉత్త ఎస్ చాలు. చిన్న అక్షరాలను విడిగా లెక్కబెట్టేటప్పుడు మాత్రం, రెండు ‘ఎ’లు, మూడు ‘ఐ’లు అన్నట్టుగా, గుర్తు పెట్టడం మేలు. లేకపోతే అవి వేరే మాటల్లా చదివే ప్రమాదం ఉంది.

కుదించకూడని చోట్లు

“ఆర్ యు రెడీ?” అంటే జవాబు “యస్, ఐ యామ్” అనాలి. “యస్, ఐ’మ్” అనడం కుదరదు. “ఐ డోన్’ట్ నో వేర్ ఇట్ ఈజ్” అనే వాక్యంలోనూ చివరి రెండు మాటలు కుదించకూడదు. వాక్యం చివర పడే మాటను ఒత్తి పలుకుతారు, కుదించిన మాటను అలా ఒత్తి పలకడం కుదరదు. విచిత్రంగా “నో, ఐ డోన్’ట్” మాత్రం తప్పు కాదు. అక్కడ కుంచించుకుపోయింది “నాట్”, సహాయక క్రియ నిండుగానే ఉంది. పాఠ్యపుస్తకాలు ఈ సంగతి స్పష్టంగా చెప్పకపోవడం వల్ల చాలామంది ఏళ్ళ తరబడి టెన్షన్ పడతారు.

“కాన్’ట్” గురించి ఇంకొంచెం చెప్పుకోవాలి. అమెరికన్ ఉచ్చారణలో చివరి టి చాలాసార్లు వినిపించదు. వాళ్ళు అసలు తేడాను అచ్చులో, ఒత్తులో చూపిస్తారు. “ఐ కెన్ గో” అన్నప్పుడు మధ్యమాటను తేలిగ్గా ‘కన్’ అన్నట్టు దాటేస్తారు, “ఐ కాన్’ట్ గో” అన్నప్పుడు దాన్ని ఒత్తి నిండుగా పలుకుతారు. తెలుగువాళ్ళు రెండింటినీ సమానంగా ఒత్తి పలికితే ఎదుటివారికి అర్థం తలకిందులైపోతుంది. వస్తానన్నాడో రానన్నాడో తెలియకపోతే నష్టం చిన్నది కాదు. అనుమానం ఉన్నచోట “కెనాట్” అని పూర్తిగా అనడం మేలు.

రాతలోనూ ఈ చిక్కు ఉంది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ శైలి నియమాలు “యు’ల్”, “వీ’ల్” వంటివి వాడుకోనిస్తూనే, “కాన్’ట్”, “డోన్’ట్” వంటి వ్యతిరేకార్థక రూపాలు వాడొద్దంటాయి. చాలామంది వాటిని పొరపాటున సరిగ్గా వ్యతిరేకంగా చదువుతారని కారణం చెబుతాయి. కాంట్రాక్షన్లన్నీ అమర్యాద అనే పాత పట్టుదల కన్నా ఈ వాదనకు బలం ఎక్కువ. స్నేహితుడికి రాసే ఉత్తరంలో, బ్లాగులో, మామూలు ఈమెయిల్‌లో అవి సహజంగా ఉంటాయి. ఒప్పంద పత్రంలో, మందు వాడే సూచనల్లో, ‘చేయవద్దు’ అన్నమాట ఎవరికీ జారిపోకూడని చోట పూర్తి రూపమే రాయాలి.

బోర్డుల మీద, తెరల మీద

స్థలాల పేర్ల దగ్గర ప్రభుత్వాలే అపాస్ట్రఫీని పక్కన పెట్టాయి. 1890లో ఏర్పడిన అమెరికా భౌగోళిక నామాల మండలి దాన్ని పేర్లలో ఒప్పుకోదు. ఇన్నేళ్ళలో మినహాయింపు దొరికింది అయిదు పేర్లకే, వాటిలో మొదటిది 1933లో “మార్థా’స్ విన్‌యార్డ్”కు. 2009లో బర్మింగ్‌హామ్ నగర పాలక సంస్థ వీధి బోర్డుల మీద దీన్ని వాడబోమని నిర్ణయించింది. 2014లో కేంబ్రిడ్జ్ కూడా అలాగే నిర్ణయించి, విమర్శలు రాగానే వెనక్కి తగ్గింది. లండన్ మెట్రోలో “ఎర్ల్’స్ కోర్ట్” స్టేషన్‌కు గుర్తు ఉంది, దాని పొరుగునే ఉన్న “బారన్స్ కోర్ట్”కు లేదు. పేర్లు ఎలా ఉంటే అలాగే రాయడం తప్ప వాటికి వ్యాకరణ నియమం వర్తించదు.

కీబోర్డు మీద మరో చిక్కు ఉంది. 1990ల దశాబ్దాన్ని కుదించి 90లు అని రాసేటప్పుడు ముందు భాగంలో పోయిన అంకెలకు గుర్తుగా అపాస్ట్రఫీ పెడతారు. చాలా సాఫ్ట్‌వేర్లు మాట మొదట్లో గుర్తు కనిపించగానే అది కొటేషన్ ప్రారంభం అనుకుని దాన్ని తిరగేసేస్తాయి. ఎటు తిరిగి ఉన్నా చదివేవారికి అర్థమవుతుంది కానీ అచ్చులో అది తప్పే. వంపు ఎప్పుడూ తొమ్మిది అంకెలా, తోక ఎడమవైపు తిరిగి ఉండాలి.

స్పెల్ చెకర్ మీద పూర్తిగా భారం వేయడం కుదరదు. నాటక రచయిత జార్జ్ బెర్నార్డ్ షా అపాస్ట్రఫీలను ఇష్టపడక “డోన్’ట్”, “వోన్’ట్” వంటి మాటల్లో వాటిని తీసేసేవాడు. కానీ “హీ’ల్” లాంటివాటికి మాత్రం ఉంచాడు. తీసేస్తే మిగిలే అక్షరాలు నరకం అని చదువుతాయి. అలాంటివి ఇంకా ఉన్నాయి. “వీ’ల్”లో గుర్తు తీసేస్తే బావి, “షీ’డ్”లో తీసేస్తే షెడ్డు, “ఐ’ల్”లో తీసేస్తే జబ్బు, “వీ’డ్”లో తీసేస్తే పెళ్ళాడటం అనే మాటలు మిగులుతాయి. “వీ’ర్”లో తీసేస్తే “వర్” అనే గతకాల క్రియ. ఇవన్నీ నిఘంటువులో ఉన్న అసలైన మాటలే కాబట్టి వాటి కింద చాలాసార్లు ఎర్రగీత పడదు. టైప్ చేసిన తర్వాత ఈ కొన్నిటినీ, “ఇట్స్”తో సహా, కంటితో వెతికి విడదీసి చదువుకోవాలి.